“ఏరువాక” పాటలో మనకి అర్థం కాని సగం: అప్పికట్ల కొసరాజు గారి మాటల వెనక కథ

 

ఇప్పుడు ఏదైనా ఇండీ బ్యాండ్ కొత్త పాట వదిలితే ఏమవుతుంది? సాయంత్రానికి రీల్స్ వస్తాయి, రాత్రికి “ఈ లైన్‌కి అర్థం ఏంటి బ్రో” అని అడగడం మొదలవుతుంది. రెండు రోజుల్లో ఎవరో ఒకరు పది నిమిషాల వీడియో చేసి, ఒక్కో మాటా విప్పి చెబుతారు. మంచిదే. పాటని అంత శ్రద్ధగా వినడం మంచి అలవాటు.

ఇవాళ అదే పని మనం డెబ్భై ఏళ్ల నాటి పాటకి చేద్దాం. అది మీకు తెలియని పాటేం కాదు. స్కూల్ యాన్యువల్ డేలో దానికి డాన్స్ చేసుంటారు, పెళ్లి బరాత్‌లో డీజే రీమిక్స్ విని ఉంటారు, ట్రాక్టర్ వీడియోల కింద బ్యాక్‌గ్రౌండ్‌గా కూడా వినే ఉంటారు. అదే ఏరువాక పాట. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ సినిమాలోది.

ముందు చిన్న టెస్ట్. ఏరువాక అంటే ఏంటి? వీడియో పాజ్ చేసి పక్కనున్నవాళ్లని అడగండి. ఎక్కువ మంది “ఏరు అంటే నది కదా, ఏటి ఒడ్డు పాటేమో” అంటారు. కాదు. సగం తెలుగు రాష్ట్రం పాడుకున్న పాటలో మొదటి మాటే మనకి తెలియదన్నమాట. అది ఎందుకు తెలియకుండా పోయిందో, దాని వెనక ఏముందో చూద్దాం.

ఒక మాట. పాట లైన్లు ఇక్కడ చదవను. పాట మీ ఫోన్‌లోనే ఉంది, ఎపిసోడ్ అయ్యాక ఒకసారి వినండి. ఇక్కడ మాటల్నే పట్టుకుందాం.

తెనాలి – బాపట్ల లైన్‌లో ఒక స్టేషన్

ఈ పాట రాసింది కొసరాజు రాఘవయ్య చౌదరి గారు. 1905 జూన్ 23న పుట్టారు. ఊరు అప్పికట్ల.

మన తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకి ఈ మ్యాప్ కొత్త కాదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. తెనాలి జంక్షన్ నుంచి దక్షిణం వైపు రెండు దారులు. ఒకటి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. రెండోది చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్ల వైపు, ఆపైన మద్రాసు వైపు పోతుంది. ఆ రెండో దారిలో బాపట్లకి కాస్త ముందు వచ్చే చిన్న స్టేషనే అప్పికట్ల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక బాపట్ల, రేపల్లె ఒక కొత్త జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కానీ పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఇదంతా ఒకటే నేల. కృష్ణా పశ్చిమ డెల్టా, కాలవ నీళ్లు, వరి.

కొసరాజు గారు పెరిగిన రోజుల్లో ఈ నేల మీద వరితో పాటు రైతు రాజకీయం కూడా పండింది. అప్పికట్ల పక్కనే ఉన్న నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారి ఊరు. రైతులకి రాజకీయ పాఠాలు చెప్పడానికి ఆయన 1930ల్లో అక్కడే ఒక రైతు విద్యాలయం నడిపారు. ఇంకోవైపు వీధి నాటకాలు, జంగం కథలు, తత్వాలు, పొలం పాటలు. కొసరాజు గారి చెవులు ఈ రెండింటి మధ్య తయారయ్యాయి. ఆయన రైతు కష్టాల మీద ‘కడగండ్లు’ అనే రచన కూడా చేశారు. అంటే సినిమాకి రాకముందే ఆయన చేతిలో ఒక విషయం ఉంది. అది రైతు.

1939 నుంచి 1955 దాకా

సినిమాల్లోకి ఆయన్ని తీసుకొచ్చింది గూడవల్లి రామబ్రహ్మం గారు. ‘మాలపిల్ల’ తీసిన డైరెక్టర్. ఆ తర్వాత ఆయన 1939లో తీసిన ‘రైతుబిడ్డ’కి కొసరాజు గారు కొన్ని పాటలు రాశారు. ఆ సినిమా కథ జమీందారీ దౌర్జన్యం మీద. జమీందార్లు మండిపడ్డారు, కొన్ని చోట్ల ప్రదర్శన కూడా ఆగింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. జమీందారీకి వ్యతిరేకంగా తీసిన ఆ సినిమాకి డబ్బు పెట్టింది చల్లపల్లి రాజా వారు. ఆయనే ఒక జమీందారు! చరిత్ర ఎప్పుడూ మనం అనుకున్నంత సింపుల్‌గా ఉండదు.

తర్వాత కొసరాజు గారికి సినిమాల్లో పెద్ద గ్యాప్. మళ్లీ గట్టిగా వినిపించింది 1954లో, కె.వి. రెడ్డి గారి ‘పెద్దమనుషులు’తో. ఊరి పెద్దల ముసుగు తీసే సినిమా అది. అందులో తిక్క శంకరయ్య అనే పాత్ర రేలంగి గారిది. ఊళ్లో నిజం మాట్లాడాలంటే పిచ్చివాడి వేషమే సేఫ్ కదా. ఆ పాత్రకి కొసరాజు గారు తత్వాల బాణీలో పాటలు రాశారు. వినడానికి భక్తి పాటలా ఉంటుంది, లోపల మాత్రం పెద్దమనుషులకి చురకలు.

మరుసటి ఏడాది ‘రోజులు మారాయి’. డైరెక్టర్ తాపీ చాణక్య, మాటలు ఆయన తండ్రి తాపీ ధర్మారావు గారు, సంగీతం మాస్టర్ వేణు, హీరో నాగేశ్వరరావు గారు. బ్యానర్ సారథి. ‘రైతుబిడ్డ’ తీసిన సంస్థ పేరు కూడా సారథే. ఏరువాక పాట పాడింది జిక్కి. తెర మీద డాన్స్ చేసింది అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ఒక అమ్మాయి, పేరు వహీదా రెహ్మాన్.

టైమ్ కూడా గుర్తుపెట్టుకోండి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. ప్రభుత్వం ఎక్కువ కాలం నిలవలేదు. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఊరూరా మైకులు, జెండాలు, ఒకవైపు కాంగ్రెస్ కూటమి, ఇంకోవైపు కమ్యూనిస్టులు. 196 సీట్ల అసెంబ్లీలో కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులకి 15. ఆ దుమ్ము ఇంకా సద్దుమణగకముందే, ఏప్రిల్‌లో ఈ సినిమా రిలీజైంది. దీనితో పాటకి సంబంధం ఏంటో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటి సగం: నాగలి మాటలు

ఇప్పుడు ఒక్కో మాటా విప్పుదాం.

ఏరువాక. ఏరు అంటే నది అన్నది ఒక అర్థం, నిజమే. కానీ ఇక్కడ ఏరు అంటే ఎద్దులు కట్టి సిద్ధం చేసిన నాగలి. ఏరువాక అంటే వాన పడ్డాక దున్నకం మొదలుపెట్టడం. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక పున్నమి అనే పేరు. ఆ రోజు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, పొంగలి పెట్టి, నాగలికి దణ్ణం పెట్టి తొలి చాలు దున్నేవాళ్లు. కొన్ని ఊళ్లలో గోగునారతో తోరణం కట్టి, దాన్ని చెర్నాకోలలతో కొట్టి, తెగిన పోగుల్ని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. రైతుకి అదే అసలు కొత్త సంవత్సరం.

సాగడం. ముందుకి కదలడం అని ఒక అర్థం. “భూమి సాగులో ఉంది” అన్నప్పుడు వ్యవసాయం అని ఇంకో అర్థం. పాట మొదట్లోనే ఆ మాట రెండు అర్థాలతోనూ పనిచేస్తుంది. కదులు, పండించు.

చిన్నన్న. పాట రైతుని పిలిచే పిలుపు ఇది. “ఓ కర్షకా” అనలేదు, “రైతు సోదరా” అని సభలో పిలిచినట్టూ పిలవలేదు. ఇంట్లో తమ్ముడో చెల్లో పిలిచే పిలుపు. అంటే పాడే మనిషి పైనుంచి నీతులు చెప్పడం లేదు, పక్కనే గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నట్టు.

వరదగుడి. నాకు బాగా నచ్చిన మాట ఇది. గుడి అనగానే దేవుడి గుడి గుర్తొస్తుంది. కానీ పలకల మీద నేర్చుకున్నప్పుడు ‘కి’ మీద పెట్టే గుండ్రటి గుర్తుని ఏమన్నారు? గుడి. అదే ఈ గుడి, అంటే గుండ్రంగా చుట్టుకున్నది. చంద్రుడి చుట్టూనో సూర్యుడి చుట్టూనో ఒక్కోసారి వెలుగు వలయం కనబడుతుంది కదా, దానికే వరదగుడి అని పేరు. ఆకాశంలో బాగా ఎత్తున పరుచుకున్న పల్చటి మబ్బులో మంచు పలుకులు ఉంటాయి, వాటిలో వెలుగు వంగితే ఆ వలయం ఏర్పడుతుంది. గుడి చంద్రుడికి దూరంగా ఉంటే వాన దగ్గర్లో ఉన్నట్టు, దగ్గరగా ఉంటే వాన దూరమైనట్టు పల్లెల్లో లెక్క చెప్పేవాళ్లు.

పాటలో ఆ గుడి కనబడేది పడమటి దిక్కున. అదీ ఊరికే పడిన మాట కాదు. నైరుతి రుతుపవనాలు వచ్చేది ఆ వైపు నుంచి, కృష్ణ నీళ్లు వచ్చేదీ ఆ వైపు నుంచే. డెల్టా రైతు జూన్‌లో చూసే దిక్కు పడమరే.

ఇప్పుడు మనం ఆకాశం వైపు చూడం, ఫోన్‌లో అలర్ట్ చూస్తాం. అది తప్పని నేననడం లేదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే. వరదగుడి చూసి అలాంటి తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడం ఎవరివల్లా కాదు. శాటిలైట్ కావాల్సిందే. కానీ ఒకప్పుడు రైతుకి ఆకాశమే స్క్రీన్ అన్న సంగతి ఆ ఒక్క మాటలో దాగుంది.

కోటేరు. నాగలే. “కోటేరేసినట్టున్న ముక్కు” అని అమ్మమ్మలు అంటారు చూడండి, ఆ కోటేరు ఇదే. ముక్కు మిగిలింది, నాగలి పోయింది.

పన్నుకోవడం. ఇది ట్యాక్స్ కాదు, పళ్లూ కాదు! పన్నడం అంటే అమర్చి సిద్ధం చేయడం. కుట్ర పన్నాడు, వల పన్నాడు అంటాం కదా, అదే క్రియ. ఇప్పుడు ఆ మాట చెడ్డ పనులకే మిగిలిపోయింది. అప్పట్లో నాగలిని కూడా పన్నేవాళ్లు.

ఎలపట, దాపట. జత ఎద్దుల్లో కుడివైపుది ఎలపట, ఎడమవైపుది దాపట. ఒక పక్కకి అలవాటైన ఎద్దుని ఇంకో పక్కకి కడితే తడబడుతుంది. అందుకే ఏది ఎటు అన్నది చూసుకోవాలి.

సాలు. చాలు అని కూడా అంటాం. నాగలి గీసిన గీత. దున్నేవాడి పనితనం చాలులోనే తెలుస్తుంది. వంకర పోతే మధ్యలో దున్నని నేల మిగిలిపోతుంది.

వీటితో పాటు చద్దన్నం మూట, ముల్లుగర్ర, నవధాన్యాల గంప కూడా ఉన్నాయి. ముల్లుగర్ర అంటే చివర మేకున్న కర్ర, ఎద్దుల్ని అదిలించడానికి. ఇంకో సంగతి కూడా గమనించండి. పొలానికి భార్యని కూడా వెంటబెట్టుకుని వెళ్లమంటుంది పాట. అన్నం కట్టిచ్చి ఇంట్లో ఉండే ఇల్లాలు కాదు ఇక్కడ. డెల్టాలో నాట్లు వేసింది, కలుపు తీసింది ఎక్కువగా ఆడవాళ్లే. సినిమా పాట ఆ నిజాన్ని దాచలేదు.

మొత్తం చూస్తే మొదటి సగం ఒక యూజర్ మాన్యువల్‌లా ఉంటుంది. వాన గుర్తు ఏది, సరంజామా ఏమేం కావాలి, నాగలి ఎలా సిద్ధం చేయాలి, ఎద్దుల్ని ఎలా కట్టాలి, చాలు ఎలా పోవాలి, విత్తనం ఎలా చల్లాలి. స్టెప్ బై స్టెప్.

రెండో సగం: ఇంగ్లీషు మాటలు

పాట ఇక్కడితో ఆగిపోతే అది మంచి పొలం పాట, అంతే. కానీ రెండో సగంలో సీన్ మారిపోతుంది.

అక్కడి మాటలు చూడండి. టౌను. బ్యాంకు. పాలిటిక్స్. ఓట్లు.

షాక్ కదా! 1955 నాటి పొలం పాటలో పాలిటిక్స్ అనే మాట. వీటికి మీనింగ్ చెప్పాల్సిన పని లేదు, మీ అందరికీ తెలుసు. సారాంశం ఇది: కొందరు పొలాలు అమ్ముకుని వెళ్లిపోతారు, టౌన్లో మేడలు కడతారు, డబ్బు బ్యాంకులో వేస్తారు. నీ బలం ఏంటో వాళ్లు గుర్తించరు. ఊళ్లో ఏ పనికీ చెల్లనివాళ్లు పాలిటిక్స్ మీద బతుకుతూ ప్రజాసేవ అని అరుస్తారు, ఒళ్లు వంచి పని మాత్రం చేయరు. పదవులు శాశ్వతమనుకుంటారు, నీ దగ్గర ఓట్లు గుంజుకుని నిన్ను మర్చిపోతారు. అయినా చివరికి నీ దగ్గరికే రాక తప్పదు.

ఓట్లు అడగడం కాదు, గుంజడం. ఆ క్రియలోనే మొత్తం కోపం ఉంది. పిల్లాడి చేతిలో చాక్లెట్ లాక్కున్నట్టు. ఎన్నికలైన రెండు నెలలకి థియేటర్లో కూర్చున్న రైతుకి ఈ మాట ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు పాయింట్. పాట భాషని కొసరాజు గారు రెండుగా విడగొట్టారు. పండించే పనికి వచ్చే మాటలన్నీ మన నేల మాటలు. డబ్బు, అధికారం దగ్గరికి రాగానే ఇంగ్లీషు మాటలు. ఆయన ఇంగ్లీషుని వాడింది స్టైల్ కోసం కాదు. రైతుకి దూరంగా ఉన్న ప్రపంచం ఏ భాషలో మాట్లాడుతుందో ఆ భాషలోనే చూపించారు. పాలిటిక్స్‌కి బదులు రాజకీయం అని రాసి ఉంటే అర్థం మారేది కాదు, కానీ దెబ్బ తగ్గేది.

1955లో అప్పికట్లలోనో వేమూరులోనో ఈ పాట విన్న రైతుకి మొదటి సగం ఇంటి విషయం, రెండో సగం బయటి ప్రపంచం. ఇవాళ ఫోన్‌లో వింటున్న మనకి? పూర్తిగా రివర్స్. బ్యాంకు, టౌను, పాలిటిక్స్ మనకి పుట్టినప్పటి నుంచి తెలిసినవే. కోటేరు, దాపట, వరదగుడి దగ్గర మాత్రం గూగుల్ చేయాలి. పాట మారలేదు. మనం పాటలో ఒక సగం నుంచి ఇంకో సగంలోకి మారిపోయాం. పొలాలు అమ్ముకుని టౌన్‌కి వెళ్లినవాళ్ల మనవళ్లం మనలో చాలామందిమి. పాట వేలు చూపిస్తున్నది మన వైపే.

బొంబాయి వెళ్లిన ట్యూన్

మాటలకి దారి తప్పినా ట్యూన్‌కి మాత్రం మంచి రోజులు వచ్చాయి. వహీదా రెహ్మాన్ గారి డాన్స్ పేరు గురుదత్ దాకా వెళ్లింది. ఆమె 1956లో ‘సి.ఐ.డి.’తో హిందీకి వెళ్లిపోయారు. 1960లో ‘బంబయి కా బాబూ’ సినిమాకి ఎస్.డి. బర్మన్ ఇదే బాణీని వాడుకున్నారు, ఆశా భోస్లే పాడారు. వినండి, వెంటనే గుర్తుపడతారు. కానీ అందులో నాగలి లేదు, వాన లేదు, ఓట్లు లేవు. చూడ్డానికి అమాయకంగా ఉండే ఒక కుర్రాడి గురించి సరదా పాట అది.

తప్పేం కాదు, ట్యూన్లు అలా తిరుగుతూనే ఉంటాయి. కానీ బొంబాయి వాళ్లు మాటలు వదిలేసి ట్యూన్ తీసుకెళ్లారంటే అర్థముంది, వాళ్లది వేరే భాష. మనం కూడా డీజే బాక్సుల ముందు అదే పని చేస్తున్నాం. అది కాస్త ఆలోచించాల్సిన సంగతి.

పేకాట పాట, బెట్టింగ్ యాప్

కొసరాజు గారి మాటలు పాతబడిపోయాయి అనుకునేవాళ్ల కోసం ఇంకో ఉదాహరణ. 1962లో ‘కులగోత్రాలు’ సినిమాకి ఆయన రాసిన పేకాట పాట. మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు పాడారు. చేతిలో డబ్బులు పోయాయని జూదగాళ్లు లబోదిబోమనే పాట.

అందులో ఆ ఓడిపోయినవాళ్ల లాజిక్ వినండి. నలమహారాజుకే తప్పలేదు, మనమెంత అంటారు. ఈ సొమ్ము దేవుడికి ఇచ్చినా పుణ్యం దక్కేది అని ఒకడు. ఎన్నికల్లో ఖర్చు పెట్టి ఉంటే ఎమ్మెల్యే సీటైనా వచ్చేదని ఇంకొకడు. ఎమ్మెల్యే గిరీ కూడా ఒక రకం జూదమే అన్న చురక అందులోనే ఉంది. ఆ తర్వాత అసలు డేంజర్ మాట వస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి మళ్లీ ఆడదాం, ఒక్క ఛాన్స్ తగిలితే పోయిందంతా వచ్చేస్తుంది.

ఈ లాస్ట్ డైలాగ్ మీరు ఎక్కడో విన్నారు కదా? హాస్టల్ రూమ్‌లో, ఐపీఎల్ సీజన్లో. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ యాప్‌లని ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు. అయినా లోన్ యాప్‌లో అప్పు తెచ్చి బెట్టింగ్ యాప్‌లో పోసినవాళ్ల కథలు మన చుట్టూ ఉన్నాయి. ఇల్లు తాకట్టు స్థానంలో ఇన్‌స్టంట్ లోన్ వచ్చింది, లాజిక్ మాత్రం మారలేదు.

ఇందులో కొసరాజు గారి టెక్నిక్ చూడండి. “జూదం ఆడకండి” అని ఆయన ఎక్కడా చెప్పరు. ఆడేవాడినే మాట్లాడనిస్తారు. వాడు తనని తాను సమర్థించుకుంటూ పోతుంటే మనకి నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే భయం కూడా వేస్తుంది. 1964లో ‘రాముడు భీముడు’కి రాసిన సిగరెట్ పాట కూడా అంతే. కాల్చేవాడు గొప్పలు చెబుతుంటాడు, ఎదుటామె ఒక్కొక్కటీ తిప్పికొడుతుంది. తీర్పు మనకే వదిలేస్తారు.

రోజులు మారాయా?

చివరిగా కష్టమైన ప్రశ్న. ఏరువాక పాట రైతుకి ఒక మాట ఇస్తుంది, నీ కష్టం తీరుతుందని. తీరిందా?

కొన్ని నిజంగానే మారాయి. జమీందారీలు పోయాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల చట్టంతో ఆ పని మొదలైంది. బాపట్లలో 1945లోనే వ్యవసాయ కళాశాల వచ్చింది. మీరు ఇంట్లో తినే సాంబ మసూరి బియ్యానికి బీపీటీ 5204 అనే పేరుంది కదా, అందులో బీపీటీ అంటే బాపట్లే. ఆ వంగడం విడుదలైంది 1986లో. అదే ఏడాది అక్టోబర్ 27న కొసరాజు గారు వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఊరి పక్క టౌన్ పేరు ఇవాళ దేశమంతా అన్నం కంచాల్లో ఉంది.

మారనివి కూడా ఉన్నాయి. డెల్టాలో ఇవాళ పొలం దున్నించేది చాలాచోట్ల కౌలు రైతు. భూమి కాగితం ఇంకొకరి పేరు మీద ఉంటుంది. కౌలుదార్ల కోసం 1956లో ఒక చట్టం వచ్చింది, మళ్లీ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలు అవసరమయ్యాయంటేనే సమస్య ఎంత మొండిదో అర్థమవుతుంది. కార్డు కావాలంటే భూమి యజమాని సరేననాలని 2019 చట్టంలో షరతు పెట్టారు. ఆ యజమాని ఎక్కడున్నాడు? హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో. పాట రెండో సగంలో ఉన్నాడు.

కొసరాజు గారిని దేవుణ్ణి చేయడం కూడా నాకిష్టం లేదు. ఊరు వదిలి వెళ్లొద్దన్నట్టు రాసిన ఆయన కూడా సినిమా పని కోసం మద్రాసు వెళ్లారు. కానీ వెళ్లేటప్పుడు ఆయన ఊరి మాటల్ని మూటగట్టుకుని వెళ్లారు. బతకడానికి ఊరు వదలడం వేరు, ఊరి భాషనీ ఊళ్లో మిగిలిన మనిషినీ మర్చిపోవడం వేరు. పాట తిట్టింది రెండోదాన్ని. పొలం అమ్మినందుకు కాదు, దున్నేవాడి బలాన్ని గమనించనందుకు.

అందుకే ఈ ఎపిసోడ్ చూశాక చిన్న పని చేయండి. ఇంట్లో తాతయ్యో నాన్నమ్మో ఉంటే వాళ్ల పక్కన కూర్చుని ఈ పాట ప్లే చేయండి. ఎలపట ఏది, దాపట ఏది అని అడగండి. వాళ్ల జత ఎద్దుల పేర్లు అడగండి, వాటికి పేర్లు ఉండే ఉంటాయి. వాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి. పాట అర్థం డిక్షనరీలో ఉన్నది కొంత, వాళ్ల దగ్గర ఉన్నది ఇంకా ఎక్కువ. డిక్షనరీ ఎక్కడికీ పోదు, వాళ్లు మాత్రం ఎల్లకాలం ఉండరు.

అలా రికార్డ్ చేసిన మాటల్లో మీకు కొత్తగా తెలిసిన ఒక్క మాటనైనా, మీ ఊరి పేరుతో కలిపి కింద రాయండి. తెనాలి పక్కన ఒకలా, రేపల్లె పక్కన ఇంకోలా అంటే ఆ తేడా కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్ మొదట్లో వాటిని చదువుదాం.

అంతవరకు సెలవు. ఉంటాను మరి.